చివరి వరుస దాకా

"పొట్లం చింపకు బిడ్డా, ఇప్పు."

మా పెద్దమ్మ నోట నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట ఇది. భోపాలపట్నంలో మాది చిన్న కిరాణా కొట్టు. బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు వరంగల్ నుంచి వచ్చేవి. ఏటూరునాగారం దాకా లారీలో వచ్చి, అక్కడ గోదావరిని పడవ మీద దాటి, ఇవతలి ఒడ్డున మళ్ళీ బండెక్కి మా ఊరు చేరేవి. సరుకుతో పాటు పొట్లాలు కట్టడానికి పాత పేపర్ల కట్టలూ వచ్చేవి. వరంగల్‌లో వాటిని చిత్తు కాగితాలంటారు. మేం హిందీ మాట పట్టుకుని రద్దీ అంటాం. నేను చూసిన మొదటి తెలుగు పత్రిక ఆ రద్దీలోదే. మధ్యలో బెల్లం మరక, మూలన సగం తెగిన సినిమా బొమ్మ, పైన మొదలు తెలియని వార్త.

వాడకట్టు ఆడవాళ్ళు సరుకు తీసుకుపోయి డబ్బాల్లో పోసుకుని, కాగితాన్ని చేత్తో సాపు చేసి మళ్ళీ తెచ్చిచ్చేవాళ్ళు. "గిండ్ల ఏం రాసిన్రో చూడు వదినా" అని అడిగేవాళ్ళు. పెద్దమ్మ అరుగు మీద కూచుని చదివేది. ఎక్కడో దొంగలు దొరికారు, ఎవరో మంత్రి రాజీనామా చేశాడు, ఫలానా ఊళ్ళో ఎడ్ల సంత. ఆ మంత్రి రాజీనామా చేసి ఎన్ని నెలలైందో మాకెవరికీ పట్టేది కాదు. మాకు చేరిన రోజే అది వార్త.

మా ప్రాంతం గురించి ఒక మాట చెప్పకపోతే ఇది అర్థం కాదు. ఇప్పుడు బీజాపూర్ జిల్లా అంటున్నారు గానీ, నా చిన్నప్పుడు అదంతా బస్తర్ జిల్లా, మధ్యప్రదేశ్ రాష్ట్రం. జిల్లా కేంద్రం జగదల్‌పూర్, మా ఊరికి రెండొందల కిలోమీటర్ల పైనే. ఒకపక్క ఇంద్రావతి, దాని అవతల మహారాష్ట్ర. ఇంకోపక్క గోదావరి, దాని అవతల అప్పటి ఆంధ్రప్రదేశ్. ఇంట్లో తెలుగు, సంతలో తెలుగు, పెళ్ళిపాటలు తెలుగు, చావు ఏడుపు తెలుగు. దోర్లా ఆదివాసుల మాటలో కూడా సగం తెలుగు కలిసే ఉంటుంది. బడి మాత్రం హిందీ. కచేరీ హిందీ, పోస్టాఫీసు బోర్డు హిందీ, సంతకం హిందీ. తెలుగు మాట్లాడేవాళ్ళు ఇంటింటా ఉన్నా, తెలుగు అక్షరం వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. వాళ్ళలో ఎక్కువమంది గోదావరి అవతలి నుంచి కోడళ్ళుగా వచ్చిన ఆడవాళ్ళే. మా పెద్దమ్మ ఏటూరునాగారం వైపు పిల్ల, అయిదో తరగతి దాకా చదివింది. మా వాడకట్టుకు తెలుగు బడి, గ్రంథాలయం, పంతులు అన్నీ ఆమే.

నాకు అక్షరాలు నేర్పింది పలక మీద కాదు. పేపర్ల తలకట్టు మీద. నేను మొదట పోల్చుకున్న తెలుగు మాట 'ఆంధ్ర'. కట్టలో ఏ కాగితం తీసినా పైన పెద్ద అక్షరాలతో అదే ఉండేది: ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి. పెద్దమ్మ గోటితో ఒక్కో అక్షరం కింద గీత గీసేది. 'ఆంధ్ర' వచ్చాక తోక మారుతుంది, ఆ తోక చూసి పేపరేదో చెప్పాలి. అలా 'పత్రిక', 'ప్రభ', 'జ్యోతి' వచ్చాయి. 'జ్యో' నాకు చాలా రోజులు కష్టపెట్టింది. బడిలో జ్యోతి అని హిందీలో రాయడం వచ్చినవాణ్ణి, తెలుగులో ఆ ఒత్తు ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో పట్టుకోలేక ఏడ్చిన గుర్తు.

ఆ తలకట్ల వెనక ఎంత చరిత్ర ఉందో చాలా ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రికగా చేశాడు. తెలుగు పత్రిక పుట్టింది మరాఠీ నగరంలో, పెరిగింది తమిళ నగరంలో. పరాయి భాషల మధ్య తెలుగు బతుకుతున్న ఊరివాడిగా నాకు ఆ సంగతి తెలిసిన రోజు సంతోషమేసింది. ఆంధ్రప్రభ 1938లో మద్రాసులోనే రామ్‌నాథ్ గోయెంకా సంస్థ నుంచి వచ్చింది. దానికి ఏళ్ళతరబడి సంపాదకుడిగా ఉన్న నార్ల వెంకటేశ్వరరావు 1960లో విజయవాడలో ఆంధ్రజ్యోతికి తొలి సంపాదకుడయ్యాడు. ఇంత మహామహుల కష్టం మా ఊరికి చింతపండు చుట్టుకుని వచ్చింది. అందులో నాకు చిన్నతనం ఏమీ కనిపించదు. అచ్చయిన కాగితం ఎన్ని చేతులు మారినా చదివేవాళ్ళుంటే దాని పని అది చేస్తూనే ఉంది.

తర్వాత కొన్నాళ్ళకు మా పెదనాన్న పెద్దమ్మ కోసం పోస్టులో దినపత్రిక తెప్పించాడు. చందా కట్టి, మనియార్డరు రసీదు దేవుడి పటం వెనక పెట్టాడు. పత్రికలకు తపాలాశాఖ తక్కువ టికెట్టుతో రాయితీ ఇచ్చేది గనక అది సాధ్యమైంది. సన్నటి కాగితపు పట్టీ చుట్టుకుని, దాని మీద మా చిరునామాతో వచ్చేది. హైదరాబాద్‌లో బయల్దేరిన పేపరు ఎన్నో సంచులు మారి మా ఊరు చేరేసరికి నాలుగు రోజులు, ఒక్కోసారి వారం. రెండు రోజులు ఏమీ రాక, మూడోరోజు మూడు కలిసి వచ్చేవి. పోస్టుమాన్ పట్టీ విప్పకుండా ఇచ్చేవాడు. విప్పే హక్కు పెద్దమ్మది.

మా నాన్న హిందీ పేపరు వేయించుకునేవాడు. అది బస్సులో వచ్చేది. రాయ్‌పూర్‌లో అచ్చయి, కేశ్‌కాల్ ఘాటు ఎక్కి జగదల్‌పూర్, అక్కడి నుంచి గీదం, భైరంగఢ్, బీజాపూర్, మద్దేడు మీదుగా మా బస్టాండుకు. దూరపు ఊళ్ళకు పంపే కాపీలను డాక్ ఎడిషన్ అంటారు. నగరం వాళ్ళ పేపరు అర్ధరాత్రి దాటాక అచ్చయితే, మాలాంటివాళ్ళది సాయంత్రమే అచ్చయిపోవాలి. లేకపోతే బండి అందదు. అందుకని సాయంత్రం తర్వాత లోకంలో జరిగిందేదీ మా పేపర్లో ఉండేది కాదు. అందరికంటే ముందు అచ్చయ్యేది మా పేపరే, అందరికంటే చివర చేరేదీ మా పేపరే. ఎక్కువ దూరం ప్రయాణం చేసిన పేపర్లోనే తక్కువ వార్తలుండేవి.

రాత్రి కొట్టు కట్టేశాక లాంతరు తెచ్చి అరుగు మీద పెట్టేవాళ్ళం. తాత, పెదనాన్న, పక్కింటి ముసలమ్మ, తునికాకు కళ్ళం దగ్గర పనిచేసే ఇద్దరు ముగ్గురు, సంతకు వచ్చి రాత్రికి ఉండిపోయిన దోర్లా ఆడవాళ్ళు. పత్రికలు ఎన్ని అమ్ముడవుతున్నాయో లెక్కగట్టడానికి 1948 నుంచి దేశంలో ఒక సంస్థ ఉంది, ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్. దాని లెక్కలో మా ఇల్లు ఒక్క కాపీ. మా అరుగు మీద ఆ ఒక్క కాపీకి పదిహేనుమంది ఉండేవాళ్ళు.

పెద్దమ్మ చదివే పద్ధతి ఆమెదే. తలకట్టుతో మొదలుపెట్టేది. తేదీ, వారం, సంపుటి, సంచిక, వెల. అన్నీ పైకే. తర్వాత మొదటి పేజీ పై నుంచి కిందికి. ఇది వద్దులే అని దేన్నీ దాటేసేది కాదు. టెండరు ప్రకటనలు, కనబడుటలేదు ప్రకటనలు, ధరవరలు, క్రికెట్ స్కోరు అన్నీ చదివేది. తునికాకు కట్టకు రేటెంత అన్న వార్త వస్తే రెండుసార్లు చదవమనేవాళ్ళు. చదవడం అయిపోయింది అనుకుని మేం లేవబోతే "కూసో, ఇంకా ఉన్నది" అనేది. చివరి పేజీ అడుగున, చీమల బారులాంటి అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది. ఫలానావారి తరఫున ముద్రించి ప్రచురించినవారు ఫలానా, ఫలానా ప్రెస్సు, ఫలానా ఊరు, సంపాదకులు ఫలానా. అదీ చదివాకే పేపరు మడిచేది.

"వాళ్ళెవరు పెద్దమ్మా, రోజూ వాళ్ళ పేరే చదువుతవు?" అని ఒకరోజు అడిగాను.

"ఇన్ని మాటలు చెప్పినోళ్ళు పేరు చెప్పుకోవద్దా? రేపు అబద్ధమని తేలితే ఎవరి ఇంటికి పోయి అడుగుతవు?" అంది.

ఆమె ఏ చట్టమూ చదవలేదు. ఆ వరుసను తప్పనిసరి చేసిన చట్టం 1867 నాటిది. అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, అచ్చయిన చోటు ఉండాలని ఇంగ్లీషు ప్రభుత్వం పెట్టిన నియమం. వాళ్ళు పెట్టింది నిఘా కోసం. రాసినవాణ్ణి పట్టుకోవడానికి దారి కావాలి. స్వాతంత్ర్యం తర్వాత, 1956లో పత్రికల రిజిస్ట్రారు కార్యాలయం ఏర్పడి ఆ లెక్కలన్నీ చూసుకుంది. కానీ అదే వరుసను పెద్దమ్మ ఇటువైపు నుంచి చదివింది. సర్కారుకు పట్టుకునే దారి అయితే, పాఠకురాలికి అడిగే దారి. పత్రిక అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ఈరోజుకీ నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ చిన్న అక్షరాల వరుసే. వార్త ఎవరైనా చెప్పవచ్చు, సంతలో వంద చెబుతారు. కింద పేరూ ఊరూ రాసి, రేపు మళ్ళీ అదే గుమ్మంలోకి వచ్చి నిలబడేది పత్రిక.

పెద్దమ్మకు అంత పట్టుదల ఎందుకో నాకు తర్వాత కొంత అర్థమైంది. ఆమె పుట్టింటి జిల్లా అప్పట్లో వరంగల్. అక్కడ ఇనుగుర్తి అనే పల్లెలో, నిజాం కాలంలో, 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు సొంతంగా అచ్చుయంత్రం పెట్టుకుని 'తెనుగు' అనే వారపత్రిక నడిపారు. ఉర్దూ రాజ్యమేలుతున్న చోట, పట్నం కాని చోట. రాయడం, కూర్చడం, అచ్చువేయడం, పంపడం అన్నీ వాళ్ళ చేతుల మీదే. పెద్దమ్మ వాళ్ళ గురించి వినే ఉంటుందని నేను గట్టిగా చెప్పలేను గానీ, చివరి వరుసలో ఉన్న మనిషి మనలాంటి మనిషేనని, పోయి అడగదగినవాడేనని అనుకోవడం ఆ నేల మీద పెరిగినవాళ్ళకు సహజం.

పట్నాల్లో పత్రిక అలా ఇద్దరి చేతుల్లో మిగల్లేదు. పెద్ద సంస్థ అయింది. పెట్టుబడి పెట్టే యజమాని, సంపాదకుడు, డెస్కులో ఉపసంపాదకులు, కంపోజింగ్, ప్రెస్సు, ప్రకటనల శాఖ, సర్క్యులేషన్ శాఖ. ఢిల్లీ వార్తలు, విదేశీ వార్తలు ఏ పత్రికా సొంతంగా తెచ్చుకోలేదు గనక పత్రికలన్నీ కలిసి నడుపుకునే పీటీఐలాంటి వార్తాసంస్థ 1949 నుంచి టెలిప్రింటర్ల మీద పంపిస్తూ ఉండేది. పత్రిక అచ్చయ్యే కాగితం కూడా మాకు దూరపు చుట్టం కాదు. మధ్యప్రదేశ్‌లోనే నేపానగర్‌లో దేశంలోని మొదటి న్యూస్‌ప్రింట్ మిల్లు 1950ల్లో మొదలైంది. ఇంద్రావతి అవతల గడ్చిరోలి అడవుల వెదురు బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు పోయేది. అడవి నుంచి వెదురు లారీలు పోతుంటే, "పోయి పేపరై రా" అని పెద్దమ్మ అనేది.

ఇంత పెద్ద సంస్థకు మా దగ్గర ఉండేది ఒక్క మనిషి. బీజాపూర్‌లోనూ మా ఊళ్ళోనూ ఏజెంటు, విలేకరి ఒక్కడే. డిపాజిట్టు కట్టి ఏజెన్సీ తీసుకోవాలి, పేపర్లు పంచాలి, బాకీలు వసూలు చేయాలి, ఆగస్టు పదిహేనుకూ దీపావళికీ వ్యాపారుల దగ్గర శుభాకాంక్షల ప్రకటనలు తేవాలి. ఇవన్నీ చేస్తే వార్తలు రాసే హక్కు దొరుకుతుంది. మా ఊరి విలేకరి పగలు ఇంకో పని చేసుకునేవాడు. ఏ పత్రికో, ఎవరో చెప్పను. మా కొట్టు బల్ల మీదే రాసుకునేవాడు. కాగితానికి ఒకవైపే రాయాలి, ఎడమపక్క నాలుగు వేళ్ళ చోటు వదలాలి, వరుసకూ వరుసకూ మధ్య ఎడం ఉండాలి. ఎడం ఎందుకని అడిగితే, "అక్కడ డెస్కు వాళ్ళు దిద్దుతారు బాబూ, దిద్దే జాగా మనమే ఇయ్యాలె" అన్నాడు. కింద కార్బన్ పెట్టి ఒక నకలు తన దగ్గర ఉంచుకునేవాడు. కవరు మీద ప్రెస్ అని పెద్దగా రాసి జగదల్‌పూర్ బస్సు కండక్టరుకిచ్చేవాడు. అక్కడి బస్టాండులో పత్రిక మనిషి తీసుకునేవాడు. మరీ అవసరమైతే తంతి. తంతిలో మాటకు ఇంతని లెక్క గనక ఒక మనిషి చావు కూడా ఏడెనిమిది మాటల్లో సరిపెట్టాల్సి వచ్చేది.

ఒక్కోసారి కవరు కండక్టరు సంచిలోనే ఉండిపోయి మర్నాడు మళ్ళీ మా ఊరికి తిరిగొచ్చేది. ఒక్కోసారి వాగు పొంగి బస్సే పోయేది కాదు. రెండు పేజీలు రాస్తే నాలుగు వరుసలు వచ్చేవి. వచ్చిన నాలుగు వరుసల్ని కత్తిరించి అంటించుకుని, నెలాఖరుకు స్కేలు పెట్టి కొలిచేవాడు. అచ్చయిన వార్త నిలువు ఎన్ని సెంటీమీటర్లో అంత డబ్బు. తెలుగు పత్రికల్లో దాన్నే లైన్ అకౌంట్ అంటారు. నా బడి స్కేలు అడిగి తీసుకునేవాడు. ఒక నెల నేనే పట్టుకున్నాను స్కేలు. కలరా వచ్చి ఒక గూడెంలో జనం పోయిన వార్త మూడు సెంటీమీటర్లు. ఒక అధికారి పర్యటన పదకొండు. అతను రెండూ ఒకే గొంతుతో చెప్పి రాసుకోమన్నాడు. ఆ కొలత నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆ డబ్బైనా ఏడాదిలో నాలుగైదు నెలలది రాలేదని తర్వాత మా నాన్న చెప్పాడు.

ఒక ఇంట్లో రెండు పత్రికలు రావడం వల్ల మాకొక చదువు దొరికింది. గోదావరి జలాల ట్రిబ్యునల్ తీర్పు 1980లో వచ్చింది. ఆ రోజుల్లో ఇచ్చంపల్లి, భోపాలపట్నం ఆనకట్టల మాట పేపర్లలో మాటిమాటికీ వచ్చేది. పెద్దమ్మ తెలుగు పేపర్లో ఇచ్చంపల్లి అంటే కరెంటు, సాగునీరు. ఎన్ని లక్షల ఎకరాలు తడుస్తాయో రాసేవాళ్ళు. మా నాన్న హిందీ పేపర్లో అదే ఆనకట్ట 'డూబ్', అంటే మునక. ఏ ఊళ్ళు పోతాయో, ఎంత అడవి పోతుందో రాసేవాళ్ళు. ఒక రాత్రి పెద్దమ్మ చదివింది, వెంటనే నాన్న తన పేపర్లోది తెలుగులో చెప్పాడు. అరుగు మీద చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తాత మాత్రం, "ఒక్క నీళ్ళే కదరా" అన్నాడు. బాబా ఆమ్టే పెద్దగా నిలబడిన 'జంగల్ బచావో, మానవ్ బచావో' ఉద్యమం గురించి కూడా ఆ హిందీ పేపర్లోనే విన్నాం. ఆనకట్టలు కట్టలేదు. పత్రిక ఎక్కడ నిలబడి చూస్తుందో చివరి వరుసలోని ఊరిపేరు చెబుతుందని నాకు ఆ రాత్రే తెలిసింది.

ఇంకో చిన్న సంగతి. హిందీ పేపర్లో మా ఊరి దగ్గరి చింతవాగును 'చింతావాగు నది' అని రాస్తారు. వాగు అంటే ఏమిటో రాసినవాళ్ళకు తెలియదు. మా నాన్న అది చదివినప్పుడల్లా 'నది' అనే మాటను గొంతులో మింగేసి, చింతవాగు అనే పలికేవాడు.

1986 ఆగస్టు గోదావరి వరద మా వైపు వాళ్ళెవరూ మరిచిపోరు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఇప్పటికీ దాన్ని మించింది లేదు. మాకు అన్ని దారులూ తెగిపోయాయి. రేడియోలో వింటున్నాం, కానీ రేడియో చెప్పి పోతుంది, ఆపి మళ్ళీ చెప్పమనడానికి వీల్లేదు. పెద్దమ్మ పుట్టింటి వాళ్ళ సంగతి తెలియదు. దారి తెరుచుకున్నాక పోస్టుమాన్ ఒకేసారి పెద్ద కట్ట తెచ్చాడు. అందరం పైన ఉన్న చివరి తేదీ పేపరు తియ్యబోయాం. ఆమె తియ్యనియ్యలేదు. తేదీల వరసన పేర్చి, అన్నిటికన్నా పాతది తీసుకుంది. నీళ్ళింకా పెరగక ముందటి రోజుది. సినిమా ప్రకటనలూ, ధరవరలూ ఏదీ వదలకుండా చదివింది. మర్నాటిది, ఆ మర్నాటిది. నీళ్ళు ఒక్కో పేపరుకూ పెరుగుతూ వచ్చాయి. ఏటూరునాగారం పేరు వచ్చిన చోట ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని, మిగతా వార్తలు చదివిన వేగంతోనే చదివింది. ఎందుకలా చేసిందో నేను అడగలేదు. వరదను అక్కడివాళ్ళు ఎలా రోజు రోజూ అనుభవించారో అలాగే తానూ రోజు రోజూ దాటాలనుకుందని నా ఊహ.

ఆ తర్వాత మార్పు మొదలైంది. మేం ఊహించిన వైపు నుంచి రాలేదు. 1974లో విశాఖపట్నంలో పుట్టిన ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. పల్లె వార్తకు పత్రికలో చోటు దొరికింది. తెలుగునాట అది గొప్ప మార్పే. సారాకు ఎదురుతిరిగిన ఆడవాళ్ళ మాట 1992లో ఊరూరా చేరిందంటే అలాంటి పేజీల వల్లే. నెల్లూరు జిల్లా దూబగుంట కథ మా అరుగు మీద ఎన్ని రాత్రులు నడిచిందో. కానీ జిల్లా పేజీలు ఏ జిల్లాకు ఆ జిల్లావి. వరంగల్ పేపరు వస్తే వరంగల్ వీధుల మురికికాలవల సంగతి, ఖమ్మం పేపరు వస్తే ఖమ్మం మార్కెట్ సంగతి. మేం ఏ జిల్లా వాళ్ళం? పత్రిక అందరికీ ఒకటిగా ఉన్నంతకాలం మేమూ అందరిలాంటి పాఠకులమే. ఇంటింటికీ దగ్గరవడం మొదలుపెట్టాక, గీత అవతలి మేం పత్రికకు బయటివాళ్ళమైపోయాం. ఇప్పటికీ బీజాపూర్ అడవుల్లో ఏది జరిగినా తెలుగు పేపర్లో అది 'చర్ల' అనో 'భద్రాచలం' అనో ఊరిపేరు పెట్టుకుని వస్తుంది. వార్తలో మా పేరు 'సరిహద్దు'.

హిందీ పత్రికల్లో మా చిరునామా మాత్రం ఊరు కదలకుండానే మారుతూ వచ్చింది. 1998లో దంతెవాడ జిల్లా అన్నారు. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అన్నారు. 2007లో బీజాపూర్ జిల్లా అన్నారు. జగదల్‌పూర్‌లో తుషార్‌కాంతి బోస్ నడిపిన దండకారణ్య సమాచార్ ఉండేది. ఆయన ప్రెస్సు నుంచే లాలా జగదల్‌పురి బస్తర్ భాష హల్బీలో 'బస్తరియా' అనే వారపత్రిక తెచ్చారు. హల్బీకి పత్రిక వచ్చిందని విన్నప్పుడు నాకు సంతోషంతో పాటు ఒక వెలితి కలిగింది. మా వైపు దోర్లీకి గానీ, మా తెలుగుకు గానీ అచ్చులో ఒక్క పేజీ రాలేదు.

2005 తర్వాతి సంవత్సరాల గురించి నేను ఎక్కువ రాయలేను. మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం రోజులు. బాసగూడలాంటి పెద్ద సంత ఖాళీ అయింది. ఎందరో గోదావరి వైపు వలసపోయారు. వార్త రాసేవాడి బతుకు రెండు తుపాకుల మధ్య పడింది. హిందీ పత్రిక దేశబంధు విలేకరి సాయిరెడ్డిని పోలీసులు 2008లో మావోయిస్టుల మనిషని జైల్లో పెట్టారు. 2013 డిసెంబర్ 6న బాసగూడలో మావోయిస్టులు అతన్ని చంపారు. ఒకే మనిషిని రెండు వైపుల వాళ్ళూ అవతలివాడన్నారు. బీజాపూర్ కుర్రవాడు ముకేశ్ చంద్రాకర్ పేపరు కోసం ఎదురుచూడక 'బస్తర్ జంక్షన్' అని యూట్యూబ్‌లో వార్తలు చెప్పేవాడు. మావోయిస్టుల దగ్గర బందీగా ఉన్న జవానును 2021లో విడిపించి తెచ్చినవాళ్ళలో అతనున్నాడు. రోడ్డు పనుల్లో జరిగిన అక్రమాల మీద వార్త వచ్చాక, 2025 జనవరి 1న కనబడకుండా పోయాడు. మూడో తేదీన బీజాపూర్‌లో ఒక కాంట్రాక్టరు స్థలంలోని సెప్టిక్ ట్యాంకులో శవమై దొరికాడు. మా కొట్టు బల్ల మీద ఒకవైపే రాసి, దిద్దే జాగా వదిలిన ఆ విలేకరే నాకు ఆ రోజు కళ్ళముందు మెదిలాడు. మనిషి మారాడు, కవరు పోయి ఫోను వచ్చింది. ఆ చివరి కొసన ఒంటరిగా నిలబడేది మాత్రం అలాంటివాళ్ళే.

మా ఊళ్ళో ఇప్పుడు పేపరు వేయించుకునే ఇళ్ళు తగ్గిపోయాయి. గోదావరి మీద వంతెనలు వచ్చాయి, ఇంద్రావతి మీదా వచ్చింది. పడవ రేవుల్లో కట్టల కోసం చూసే పని లేదు. మా పిల్లలు ఫోనులో తెలుగు పాటలు వింటారు, తెలుగు సినిమాలు చూస్తారు. తెలుగు మాటను హిందీ అక్షరాల్లో కొట్టి పంపుకుంటారు. గోండీ మాట్లాడేవాళ్ళు ఫోనులో తమ ఊరి వార్త తామే చెప్పి, తామే వినేలా 2010లో సీజీనెట్ స్వర అని ఒకటి మొదలైంది. చదువు రానివాళ్ళకూ వార్త అందాలన్న ఆ ఆలోచన నాకు మా అరుగునే గుర్తు చేసింది. మిగతాది ఏది ఎవరు పంపుతున్నారో తెలియని వాట్సాప్. కొట్టులో పొట్లాలు లేవు, ప్లాస్టిక్ సంచులు.

పెద్దమ్మ తెలుగు పేపరు ఆగిపోయింది. చందా గడువు తీరింది, పెదనాన్న లేడు, పోస్టులో రావడం కూడా దాదాపు నిలిచిపోయింది. అప్పటికి ఆమె కళ్ళు సరిగా కనబడటం లేదు. నాన్న పోయాక ఒక హిందీ పేపరు నేను తెప్పించుకునేవాణ్ణి. రాత్రి భోజనమయ్యాక పెద్దమ్మ మంచం పక్కన కూచుని చదివేవాణ్ణి. కళ్ళు హిందీ మీద, నోరు తెలుగులో. మొదట్లో తడబడేవాణ్ణి. 'డూబ్' అనే మాట వచ్చినప్పుడు, 'చింతావాగు నది' అనే మాట వచ్చినప్పుడు ఆమెకు తెలియకుండా సర్దేవాణ్ణి. ఆమెకు తెలిసిపోయేది. అరుగు మీద ఎవరూ ఉండేవాళ్ళు కాదు. మేమిద్దరమే.

"అయిపోయింది పెద్దమ్మా" అంటే నమ్మేది కాదు.

"అడుగున ఇంకో వరుస ఉంటది గద."

చివరి పేజీ తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, చిన్న అక్షరాల దగ్గరికి వేలు తీసుకుపోయేవాణ్ణి. ముద్రాపకుడు ఫలానా, ప్రచురణకర్త ఫలానా, సంపాదకుడు ఫలానా.

"ఊరు?"

"జగదల్‌పూర్."

"మంచిది. మడిచిపెట్టు" అనేది.